తొకుజి గీసిన మొహం

దీపాలు ఇంకా ఆర్పలేదు. ఆర్పేస్తే ఓ పని అయిపోతుంది కదా అని ఒక పక్కా, అసలు ఆర్పకముందే ఈ కరెంటేదో పోతే ఎంత బాగుండునని ఇంకో పక్కా అనుకుంటూ, తొకుజి ఆ బుల్లి కుర్చీలో మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఓసారి ఇటూ ఓసారి అటూ తిప్పుకుంటున్నాడు. అతనికి డెబ్బై ఇంకా రాలేదు గానీ మోకాళ్ళకి ఎప్పుడో వచ్చేశాయి. పసిపిల్లల బడి కుర్చీ అది, పిల్లలకి చేసిన కుర్చీ; పెద్దలకు వేరే కుర్చీలు తెప్పించలేదేమని అడగబోయి, పిలిచి గౌరవం చేస్తుంటే కుర్చీకి వంక పెట్టడమేమిటని ఊరుకున్నాడు. గది మూల కిరసనాయిలు పొయ్యి మీద కెటిల్ సన్నగా మూలుగుతోంది. కిటికీలకి నల్ల గుడ్డలు కట్టారు. ముందు నేల మీద చాపలేసి పిల్లల్ని కూర్చోబెట్టారు, ఒక్కొక్కరి నెత్తిన కాయితం కొమ్ములు, ఒక్కొక్కరి ఒళ్ళో వేయించిన సోయా గింజల పొట్లం. సినిమా అయ్యాక కొమ్ముల రాక్షసుడి వేషంలో ఎవరో నాన్న వస్తాడు, పిల్లలంతా గింజలు విసిరి తరిమేస్తారు, చలికాలానికి వీడ్కోలు చెప్పే ఆ పండగ ఏటా అంతే. ఈ ఏడు ముందు సినిమా అన్నది మాత్రం కొత్త. నొనాకా టీచరుకి వచ్చిన ఆలోచన అది. గ్రంథాలయం వాళ్ళ దగ్గర పాత బొమ్మల సినిమా రీలు ఉందని తెలిసి, రీలు డబ్బా మీద పేర్లు చదువుతుంటే, కురెమత్సు తొకుజి, రాక్షసుడి బొమ్మలు, అని కనిపించిందట. కురెమత్సు అంటే మన కొహరు వాళ్ళ తాతగారి ఇంటిపేరే కదా అని పొంగిపోయి కొహరు తల్లి చిజురుకి ఫోను చేసింది. చిజురు తండ్రికి ఫోను చేసింది. మీకు వీలవుతుందా నాన్నగారూ అని అడిగిందే గానీ, రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. వీలుకాదని చెప్పాల్సినవాడు వీలవుతుందన్నాడు. తన బొమ్మ చూస్తామని ఎవరైనా అడిగి పదిహేనేళ్ళయింది, ఆ ఆశ ఒకటి నోట్లోంచి ముందు దూకేసింది.

చిజురు అతని పక్కనే, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వదిలి, కూర్చుంది. ఆ ఖాళీ కుర్చీలో తన కోటూ అతని కోటూ చక్కగా మడిచి పెట్టింది. ఇప్పుడు ఏదో ఒకటి జరుగుతుంది, గంటలోపు జరిగిపోతుంది, కొహరు ముందు వరసలో కూర్చుని ఉంది, తెర మీద రాక్షసుడు వస్తాడు, ఆ రాక్షసుడి మొహం తాతయ్యదని అది కనిపెడుతుంది, అంతే, ఇంక నెలకో ఆదివారం వాళ్ళింట్లో తినే భోజనం ఉండదు. చిజురు వద్దనదు, వద్దనడం దానికి చేతకాదు. ఈ ఆదివారం కొహరుకి జలుబు నాన్నగారూ, వచ్చే నెల మావారి ఊరు వెళుతున్నాం నాన్నగారూ అంటుంది, ఎంతో మర్యాదగా అంటుంది, ఆ మర్యాదలోంచి తలుపు కనిపించకుండా మూసుకుపోతుంది. ఐదేళ్ళ మనవరాలు తప్ప అతనికి ఈ భూమ్మీద చూడాల్సినవాళ్ళు వేరే లేరు. దీపాలు ఆరాయి.

రీలు తిరిగే చప్పుడు. చిటచిటచిటచిట. ఈ చప్పుడు వింటే ఒకప్పుడు నిద్ర ఎగిరిపోయేది, ఇప్పుడు నిద్ర ముంచుకొస్తోంది. ఆ రోజుల్లో పోగొట్టుకున్న నిద్ర అంతా ఈ చప్పుడులోనే ఎక్కడో దాగి ఉంది కాబోలు. తెర మీద మంచు, మంచులో గుర్రప్పిల్ల, అది షిబాతా గీసిన గుర్రప్పిల్ల, చూడగానే తెలిసిపోతుంది, షిబాతాకి కాస్త దొడ్డికాళ్ళు, వాడేం గీసినా దొడ్డికాళ్ళే వచ్చేవి. కుందేలు గీసినా, కొంగ గీసినా. అందరి బల్లల మీదా ఒక్కో అద్దం ఉండేది, అరచేతంత అద్దం, కింద దీపం వెలిగే గాజుబల్లకి ఆనించి పెట్టుకునేవాళ్ళం; ఏడవాలంటే అద్దంలో ఏడిచి చూసుకుని గీయడం, తుమ్మాలంటే తుమ్మి చూసుకుని గీయడం. బయటివాడెవడైనా లోపలికొస్తే పిచ్చాసుపత్రి అనుకునేవాడు: వరసగా పాతికమంది, ఎవడి అద్దంలో వాడు పళ్ళికిలించుకుంటూ, వెక్కిరించుకుంటూ, ఒకడు నక్కలా నవ్వుతూ, ఇంకొకడు ముసలమ్మలా దగ్గుతూ. ఓసారి పాలవాడు వచ్చి తలుపు దగ్గరే సీసాలు పడేసి పారిపోయాడని తను చెబుతూ ఉండేవాడు. పాలవాడు పారిపోయిన మాట నిజమో కాదో ఇప్పుడు తనకే తెలియదు. చెప్పగా చెప్పగా సీసాలు పగిలిన చప్పుడు కూడా వినబడుతోంది.

రాక్షసుణ్ణి ఓమురా గారు తనకిచ్చాడు. ఓమురా గారంటే సినిమాకి పెద్ద, దర్శకుడు, ముక్కు చివర కళ్ళజోడు, మాట్లాడితే పొగ. తను మొదట గీసిన రాక్షసుణ్ణి చూసి, ఇది గుడి ద్వారం దగ్గర నిలబెట్టే బొమ్మయ్యా, దీని కాళ్ళ కింద కూర్చుని జనం కాల్చిన చిలగడదుంపలు అమ్ముకుంటారు, ఎవడు భయపడతాడు దీనికి అన్నాడు. రెండోది చూసి, వీడికి కడుపునొప్పి అన్నాడు. మూడోది చూడనేలేదు. కొమ్ములు పెంచాడు, కోరలు పెంచాడు, ఒంటికి జుట్టు పెట్టాడు, ఎంత పెంచితే అంత నవ్వొచ్చేది. అప్పుడు కొమ్ములూ కోరలూ పక్కన పెట్టి అద్దం ముందు కూర్చున్నాడు. రోజులూ రాత్రులూ కలిసిపోయాయి, ఇంటికెళ్ళాడో లేదో తెలియదు, కనుబొమ్మ ఎలా లేస్తుంది, చెంప ఎక్కడ ముడతపడుతుంది, నోరు తెరుచుకునే ముందు దవడ ఎలా కదులుతుంది, ఒక్కొక్కటీ తన మొహం మీద చేసి, చూసి, గీసి, పక్కకి పెట్టి, మళ్ళీ చేసి. చివరికి ఓమురా గారు గీసిన కాయితాల బొత్తి చేతిలోకి తీసుకుని అంచులు బొటనవేలితో గబగబా వదిలాడు, బొమ్మ కదిలింది, ఆయన నోట్లో సిగరెట్టు ఉండి కూడా పీల్చడం మరిచిపోయాడు. ఆ రోజు తను నడిచిన నడక ఇంకా జ్ఞాపకం ఉంది, స్టేషను దాకా నేల మీద కాలు ఆనలేదు. అది ఎవరి మొహమో తనకి తట్టనేలేదు. పక్కబల్ల షిబాతాకీ తట్టలేదు. రోజంతా అద్దాల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళకి మొహం అంటే పనిముట్టు, సుత్తి ఎవరిదో ఎవరు పట్టించుకుంటారు?

తెర మీద ఒకీ అనే పిల్ల గుర్రప్పిల్ల కోసం ఇల్లు విడిచి బయల్దేరింది. తల్లి ముందే చచ్చిపోయింది, మొదటి రీల్లోనే చచ్చిపోయింది. పిల్లల సినిమా అంటే తల్లిని మొదటి రీల్లో చంపాల్సిందే, తల్లి బతికుంటే టికెట్టు తెగదని డబ్బు పెట్టేవాళ్ళకి గట్టి నమ్మకం. ఎంతమంది తల్లుల్ని చంపాం, తల్లి కొంగ, తల్లి నక్క, తల్లి తిమింగలం, ఓసారి ఓ తల్లి టీకెటిల్‌ని కూడా చంపాం అని షిబాతా లెక్క చెప్పేవాడు, కెటిల్ మాట మాత్రం వాడి కల్పనే అయ్యుంటుంది. పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చేవారు, బయటికొచ్చి పంచదార మిఠాయి తినేవారు. ముందు వరసలో ఎవరో పసివాడు ఇప్పుడే వెక్కుతున్నాడు, నొనాకా టీచరు వంగి వీపు రాస్తోంది. కొహరు ఏడవలేదు. దాని వీపు నిటారుగా ఉంది, కాయితం కొమ్ముల్లో ఒకటి పక్కకి ఒరిగింది. ఇంకాసేపట్లో వంతెన వస్తుంది, వంతెన దాటితే కనుమ, కనుమలో బొగ్గులు కాల్చేవాళ్ళు వదిలేసిన గుహ. ఆ గుహ నోటి మసి రంగు కోసం రంగులేసే ఆడపిల్లలు ఎన్ని నలుపులు కలిపారో.

మొదటి ఆట రోజు. చిజురుకి అప్పుడు సరిగ్గా కొహరు వయసే. తల్లి సుమి దానికి కొత్త ఎర్ర కోటు కుట్టింది, నాన్న గీసిన సినిమా అని రైల్లో ఎదురు కూర్చున్నవాళ్ళందరికీ చెప్పింది. హాలు నిండిపోయింది. గుహలోంచి రాక్షసుడు వచ్చాడు, మొహం తెరంతా నిండింది, హాలంతా ఊపిరి బిగబట్టింది, అప్పుడు ఆ నిశ్శబ్దంలో చిజురు కుర్చీ మీద లేచి నిలబడి, గొంతు ఏ మాత్రం వణక్కుండా, ఎవరికో చిరునామా చెబుతున్నట్టు, వాడు మా నాన్న అంది. హాలంతా గొల్లుమంది. ఓమురా గారు తల వెనక్కి తిప్పి తననీ తెరనీ తననీ చూసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. తనూ నవ్వాడు. అందరికంటే ఎక్కువ తనే నవ్వాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు చెప్పుకున్నాడో ఆ కథ, ఏ సారాయి కొట్టులో కూర్చున్నా అదే; రెండో గ్లాసుకి హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టేవారు, మూడో గ్లాసుకి విద్యాశాఖ మంత్రి నవ్వాపుకోలేక కుర్చీలోంచి కింద పడేవాడు, ఆ పైన ఇంకో గ్లాసు ఎవరైనా పోయిస్తే రాక్షసుడే తెర మీద ఆగి చిజురుకి తలవంచి దణ్ణం పెట్టేవాడు. అన్ని గ్లాసుల్లోనూ లేనిది ఒక్కటే. ఆ పిల్ల తిరుగు రైల్లో తల్లి ఒళ్ళో మొహం దాచుకుని మళ్ళీ ఎత్తలేదన్న సంగతి. నిద్రపోయిందనుకున్నాడు తను.

నిద్రపోయిందనుకున్నాడు. ఎన్ని అనుకున్నాడో. ఇంట్లో పిల్ల కారెట్ ముక్క పక్కన పెడితే, ఏమే, కొండ మీంచి వాణ్ణి పిలవమంటావా అని మొహం అలా మెల్లగా పెట్టేవాడు. పెట్టీ పెట్టకముందే ముక్క నోట్లోకి వెళ్ళిపోయేది. పళ్ళు తోముకోకపోతే ఆ మొహం. బొమ్మలు సర్దకపోతే ఆ మొహం. మీరు నాన్న కాదు కదా అని ఓ రాత్రి అడిగింది, అప్పుడే పని నుంచి వచ్చాడు, చేతులకి రంగు, కళ్ళు ఎర్రగా. నిజమే, ఎలా కనిపెట్టావు, బయట ఎవరికీ చెప్పకు అన్నాడు చెవిలో, చమత్కారం కదా. పొద్దున్న పిల్ల లేవకముందే వెళ్ళిపోయే నాన్న, పిల్ల పడుకున్నాక వచ్చే నాన్న, పగలు ఇంట్లో ఉంటే తెరలు దించుకుని పడుకునే నాన్న. ఆ పిల్ల దగ్గర ఉన్న సాక్ష్యాలన్నీ ఒక పక్కకే మొగ్గాయి. వద్దండీ, అది మీరనుకున్నట్టు తీసుకోవట్లేదు అని సుమి అంటూనే ఉండేది. నీకు సరదా తెలియదు అనేవాడు. మరుసటి చలికాలం గింజల పండక్కి సుమి బజారు నుంచి కాయితం ముసుగు తెచ్చింది. నాకు ముసుగెందుకే అని ఉత్త మొహంతోనే గుమ్మంలో నిలబడి గర్జించాడు. విసురు తల్లీ, రాక్షసుడు బయటికి అను, విసురు అని సుమి వెనక నుంచి పొడుస్తోంది. చిజురు విసరలేదు. గింజలు గుప్పెట్లో బిగించుకుని అలా నిలబడింది. వీధంతా పిల్లల కేకలు, ఆ ఇంట్లో మాత్రం ఒక పిడికిలి. తర్వాత సుమి వేళ్ళు ఒక్కొక్కటే తీస్తే గింజలు చెమటకి నాని పొట్టు ఊడిపోయి ఉన్నాయి. ఆ సంగతి కూడా కథ అయింది: మా పిల్లకి రాక్షసుడంటే లెక్కే లేదు, గింజ కూడా దండగ అనుకుంది అని. జనం నవ్వారు. జనాన్ని నవ్వించడం అంత సులువు, అదే వచ్చిన చిక్కు.

ఎంత మంచి పిల్ల అయిందో. తలుపు ఎప్పుడూ గట్టిగా వెయ్యలేదు, ఏదీ కావాలని అడగలేదు, ఎదురుచెప్పలేదు, బడి నుంచి ఏటా పొగడ్తలే, ఇరుగుపొరుగు తల్లులు సుమిని అడిగేవారు మీ పిల్లని ఎలా పెంచారండీ అని. సినిమాల్లో ఎన్నో నీతులు పెట్టాం, ఒక్క ఇంట్లోనైనా పండిన నీతి అదొక్కటే కాబోలు. నీతులంటే, ఈ సినిమా నీతే రెండుసార్లు మారింది. మొదట పెద్దల మాట వినాలి అని. ఉపాధ్యాయ సంఘం వాళ్ళు వచ్చి, ఇప్పటి పిల్లలకి కావాల్సింది ధైర్యం, అది పెట్టండి అన్నారు. డబ్బు పెట్టిన మిఠాయి కంపెనీవాళ్ళు వచ్చి, ఉన్నది పంచుకుని తినాలి అన్నారు. పంచుకుంటే రెండో పొట్లం కొంటారని వాళ్ళ లెక్క. ఆఖరి రీల్లో ఒక ముసలాయన గొంతు పిల్లలూ అని మొదలుపెట్టి చెప్పే రెండు వాక్యాలు మారిస్తే సరిపోయింది. రాక్షసుడి బొమ్మ మాత్రం ఒక్కటి కూడా మార్చక్కర్లేకపోయింది. వినకపోయినా వాడే వస్తాడు, పిరికివాళ్ళయినా వాడే వస్తాడు, పంచుకోకపోయినా వాడే వస్తాడు. ఏ నీతికైనా సరిపోయేలా గీశావయ్యా అని ఓమురా గారు మెచ్చుకున్నాడు. పిల్లలు నీతి మరిచిపోయి రాక్షసుణ్ణి ఇంటికి తీసుకెళ్ళారు. తన పిల్ల మాత్రం తీసుకెళ్ళక్కర్లేకపోయింది. వాడు ముందే ఇంట్లో ఉన్నాడు.

కొహరు పుట్టినప్పుడు ఆసుపత్రికి వెళ్ళాడు. చిజురు మంచం మీద, పొత్తిళ్ళలో పిల్ల, కిటికీలో వాన. పసిదాని మీదికి వంగి ఏదో మొహం పెట్టబోయాడు, ముసలి తాతలు పెట్టే మొహమేదో. అప్పుడు చిజురు అంది, నర్సుని మంచినీళ్ళడిగినంత నెమ్మదిగా: "నాన్నగారూ, ఒక్క మాట. దీని ముందు మాత్రం ఆ మొహం పెట్టకండి." ఏ మొహమే అని నవ్వాడు. చిజురు నవ్వలేదు. నాకు చాలా ఏళ్ళు అది మీరేనని నమ్మకం, వేషం అనుకోలేదు, పగలుండే నాన్నే వేషం అనుకున్నాను, అని చెప్పింది. నిష్ఠూరం లేదు, పసిదాని దుప్పటి సర్దుకుంది. తను వాన చూస్తూ కూర్చున్నాడు. అన్నేళ్ళుగా నవ్వించిన కథ ఆ మంచం పక్కన చచ్చిపోయింది, మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. ఆ రోజు నుంచి మొహాన్ని కదలనివ్వలేదు. ఏ కనుబొమ్మ ఎటు పోతుందో, ఏ ముడత దేన్ని లేపుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? నవ్వినా ఆ చెంపే కదులుతుంది, ఆశ్చర్యపోయినా ఆ కనుబొమ్మే లేస్తుంది. అందుకని నవ్వడం మానేశాడు, ఆశ్చర్యపోవడం మానేశాడు. ఆదివారాలు తడిగుడ్డ ఆరేసినట్టు మొహం వేలాడేసుకుని భోజనానికి కూర్చునేవాడు. పాకెట్లోంచి మిఠాయి తీసి ఇచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. తాతయ్య మొహం తలుపేసి ఉంటుంది అని కొహరు వాళ్ళమ్మతో చెప్పిందట. మొహం కదలకుండా పట్టుకోవడం ఎంత బరువో చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు, గాజుబల్ల ముందు రాత్రంతా గీసినా అంత అలసిపోలేదు. ఇంటికొచ్చి కోటు విప్పకుండా పడుకునేవాడు.

వంతెన వచ్చింది. ఒకీ వంతెన మీద ఉంది, కింద నది, నదిలో మంచుపలకలు. మొహం మీద చిన్న నీడ, ఆ నీడ తనే వేయించాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతేనో. మూత్రానికని చెప్పి. ముసలివాళ్ళు లేస్తే ఎవరూ తప్పు పట్టరు. లేస్తే కొహరు తిరిగి చూస్తుంది, తెర వెలుగు సరిగ్గా తన మొహం మీద పడుతుంది. కూర్చోవడమే మేలు. చిజురు వైపు కంటి చివర నుంచి చూశాడు. ఒళ్ళో చేతులు ఒకదాని మీద ఒకటి, చూపు తెర మీద, చిన్నప్పుడు పరీక్ష హాల్లో కూర్చునే పిల్లలా. అది ఈ సినిమా ఆ రోజు తర్వాత మళ్ళీ చూడలేదు. ఇవాళ ఎందుకు ఒప్పుకుంది? టీచరు అడిగితే కాదనలేక. ఎవరు అడిగినా కాదనలేక. అంతా కలిపి అదొక్కటే నేర్పాడు తను దానికి.

గుహ. మసి. లోపల్నుంచి మొదట ఊపిరి మాత్రమే, తెల్లటి ఆవిరి, ఆ ఆవిరి కూడా తనే గీశాడు. తర్వాత చెయ్యి. తర్వాత మొహం చీకట్లోంచి ముందుకొచ్చింది, మెల్లగా తెరంతా నిండింది, తొకుజికి తన గుండె కెటిల్ మూలుగులో కలిసిపోయినట్టయింది. ముప్ఫై రెండేళ్ళ వయసులోని తను. బుగ్గలు నిండుగా, కళ్ళ కింద నిద్రలేని సంచులు, పని తప్ప ఏదీ పట్టని చూపు. నోరు తెరుచుకుంది. ముందు వరసలో ఎవరో గావుకేక పెట్టారు. ఇంకెవరో గింజలు విసిరారు, తెర మీదికే, పటపటమని. అంతే, ఇంక ఆపడం ఎవరి తరం. చాపల మీద ఉన్న పిల్లలంతా లేచారు, రాక్షసుడు బయటికి, రాక్షసుడు బయటికి అని అరుస్తూ పొట్లాలు చించి గుప్పెళ్ళతో తెరని కొడుతున్నారు, ఇప్పుడు కాదర్రా, ఇంకా కాదర్రా, నాన్నగారు వస్తారు అప్పుడు అని నొనాకా టీచరు చేతులు చాపి ఇటూ అటూ పరిగెడుతోంది. ఆ గొడవలో కొహరు. కొమ్ములు నేల మీద పడిపోయాయి. అందరికంటే ముందుకెళ్ళి, తెరకి మూరెడు దూరంలో నిలబడి, ఆ తెరిచిన నోట్లోకి గురిపెట్టి కొడుతోంది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తాతయ్య అనలేదు. నాన్న అనీ తాత అనీ ఎవరూ అనలేదు. అది పొట్లం దులిపి ఆఖరి గింజ దాకా విసిరి చేతులు తుడుచుకుంది.

దానికి తెలియలేదు.

వారాల తరబడి మోసిన బరువు దిగిపోవాలి కదా, దిగలేదు. ఎందుకు తెలియలేదు? తెరంతా నిండిన మొహం, కన్నూ ముక్కూ చెంపా మొత్తం తనదే, వెనక ఐదు గజాల్లో అదే మొహం కూర్చుని ఉంది. తర్వాత అర్థమైంది, కోటు బరువులాగ నెమ్మదిగా భుజాల మీదికి వచ్చింది: ఆ పిల్ల తన మొహం ఎప్పుడూ చూడలేదు. ఐదేళ్ళుగా తను చూపించలేదు. అది చూసింది తలుపు, ఇంట్లో మనిషిని కాదు. చిజురు పోల్చుకుంది, ఎందుకంటే దానికి నాన్న మొహం తెలుసు. దీనికి ఏం తెలుసని పోల్చుకుంటుంది? ఏ మొహం దాచాలనుకున్నాడో దాన్ని దాచడానికి మొత్తం మనిషినే దాచేశాడు, ఎంత నేర్పుగా చేశాడో, మెచ్చుకోవడానికి ఓమురా గారు లేడు. ఆదివారాలు పోవు. అలాగే ఉంటాయి, తడిగుడ్డలా, మిఠాయితో సహా. అలసట కళ్ళలోకి ఎక్కింది. తెర మీద గుర్రప్పిల్ల దొరికింది, రాక్షసుడు కొండ వెనక్కి పోయాడు, తెల్లారింది, ముసలాయన గొంతు పిల్లలూ అంటూ ఉన్నది పంచుకోవడం గురించి రెండు ముక్కలు చెప్పింది, ఒక్కరూ వినలేదు. నేల మీద రాలిన గింజలు ఏరుకుని తింటున్నారు. దీపాలు వెలిగాయి.

కొహరు పరిగెత్తుకుంటూ వచ్చి కోట్లున్న కుర్చీ మీదికి, కోట్ల మీదికే, ఎక్కి కూర్చుంది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చూశావా తాతయ్యా, వాడి నోట్లో కొట్టాను, నాలుగు లోపలికి వెళ్ళాయి, వాడికి దగ్గొచ్చింది అంది. తాత రక్తం ఎక్కడికి పోతుంది, దగ్గొచ్చిన మాట తెర మీద ఎక్కడా లేదు. వాడు ఇలా చేశాడు కదా, ఇలా, అని నోరు గభాల్న తెరిచి వేళ్ళు కొక్కేల్లా పెట్టి తొకుజి మీదికి వంగింది. తొకుజి అలవాటు ప్రకారం మొహం కదపకుండా తల ఊపాడు.

"అలా కాదు కొహరూ," అంది చిజురు.

ఇద్దరూ దాని వైపు తిరిగారు. చిజురు ఒళ్ళో చేతులు అలాగే ఉన్నాయి.

"నోరు వెంటనే తెరవడు వాడు. ముందు నిన్ను చూసి సంతోషపడతాడు. అదీ చెయ్యాల్సింది."

ఏదీ, ఎలా, చేసి చూపించు అని కొహరు అమ్మ మోకాలు పట్టుకుని ఊపింది. చిజురు కూతురి వైపు తిరగలేదు. పిల్ల తల మీదుగా తండ్రిని చూసింది. ముందు కళ్ళు చిన్నగా మెరిశాయి. తర్వాత చెంపలు పైకి లేచాయి, పెదవుల చివర్లు కదిలాయి, ఎంతో కాలం ఎదురుచూసిన మనిషి గుమ్మంలో కనిపిస్తే వచ్చే వెలుగు ఒకటి ఆ మొహంలోకి వచ్చి నిలిచింది. అలాంటి వెలుగు తను గీసినట్టు తొకుజికి తెలియనే తెలియదు. కోరలూ నోరూ అనుకున్నాడు ఇన్నాళ్ళూ, భయం అక్కడుందనుకున్నాడు. ఓమురా గారు సిగరెట్టు మరిచిపోయింది కూడా నోరు చూసే అనుకున్నాడు. ఎర్ర కోటు వేసుకున్న పిల్ల ఆ రోజు కింద నుంచి తలెత్తి చూసింది ఇదే. నాన్నకి నేనంటే ఎంత సంతోషమో అనుకుని ఉంటుంది, ఒక్క క్షణం. అతనూ అదే అనుకున్నాడు. ఆ సంతోషం తన కోసమేనని, ఇన్నేళ్ళకి తన వైపు ఆ మొహం తెరుచుకుందని, ముసలి గుండె లేచి దానికి ఎదురెళ్ళింది కూడా. అప్పుడు ఆ వెలుగు చెక్కుచెదరకుండా ఉండగానే, దాని కింద దవడ కదిలింది. కనుబొమ్మ లేచింది. నోరు మెల్లగా, మెల్లగా, ఆగకుండా తెరుచుకుంటూ పోయింది.

తొకుజి వెనక్కి జరిగాడు. బుల్లి కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. మోకాళ్ళు వాటంతటవే దగ్గరికి వచ్చాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతని మొహం ఏం చేస్తోందో ఐదేళ్ళలో మొదటిసారి అతనికి తెలియలేదు.

చిజురు ఆ మొహాన్ని, చూపించడానికి ఎంతసేపు కావాలో అంతకంటే కాస్త ఎక్కువసేపే ఉంచింది. తర్వాత వదిలేసింది. వదిలాక ఎప్పుడూ ఉండే మర్యాద తిరిగి వచ్చి కూర్చోలేదు. అలసిపోయిన ఒక ఆడమనిషి మొహం ఉంది అక్కడ, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేని మొహం. కొహరు చప్పట్లు కొట్టింది. మళ్ళీ చెయ్యమ్మా, మళ్ళీ చెయ్యి అంటూనే, తాత వైపు తిరిగి, మొట్టమొదటిసారి చూస్తున్నట్టు అతని మొహంలోకి వంగి వంగి చూడసాగింది.

"భయమేసిందమ్మా," అన్నాడు తొకుజి.

"వేస్తుంది," అంది చిజురు.